కంప్యూటర్ స్క్రూల కిట్: కార్డు స్లాట్‌కు అందులో ఏది పనికొస్తుంది?

గ్రాఫిక్స్ కార్డో, సౌండ్ కార్డో బిగించే స్క్రూ పోతే చాలామంది కొనేది గడుల డబ్బాలో వచ్చే ‘కంప్యూటర్ స్క్రూ కిట్’. వందల కొద్దీ స్క్రూలుంటాయి. ఈ పనికి అక్కరకొచ్చేవి మాత్రం ఒకటి రెండు గడుల్లోవే.

డెస్క్‌టాప్ క్యాబినెట్లలో కార్డు స్లాట్ మర చాలావరకు 6-32. అంగుళానికి 32 చుట్లు, వ్యాసం సుమారు 3.5 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ ఎడం 0.79 మిల్లీమీటర్లు. పొడవు పావు అంగుళం ఉంటే చాలు. కిట్‌లో దాని పక్కనే ఎం3 స్క్రూలుంటాయి. వాటి వ్యాసం 3, ఎడం 0.5 మిల్లీమీటర్లు. అవి 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి, డీవీడీ డ్రైవ్‌కు. కొన్ని చిన్న క్యాబినెట్లలో కార్డు స్లాట్‌కూ ఎం3 మరే ఉంటుంది కాబట్టి ముందు చూసుకోవాలి.

ఎం3ని 6-32 రంధ్రంలో పెడితే సులువుగా దిగుతుంది, కానీ బిగుసుకోదు. కొసల మీద కాస్త పట్టి, చివరి బిగింపులో జారిపోతుంది. మానిటర్ కేబుల్ పీకినప్పుడల్లా కార్డు కదులుతుంది. 6-32ని ఎం3 రంధ్రంలో పెడితే మొదటి చుట్టులోనే మొరాయిస్తుంది. అక్కడ ఆగాలి. రేకు పలుచన, పట్టేది రెండు మూడు చుట్లే. బలవంతం చేస్తే మర పోతుంది.

ఈ కిట్ల పెద్ద లోపం లేబుల్. 6-32ని ‘ఎం3.5’ అని రాసేస్తుంటారు. అసలు ఎం3.5 వేరు, దాని ఎడం 0.6 మిల్లీమీటర్లు, ఈ రంధ్రంలో ఇరుక్కుంటుంది. లేబుల్‌ను నమ్మకుండా ఇలా చూడండి: పక్క స్లాట్ రేకుకున్న స్క్రూ ఒకటి విప్పి, కొత్తదాన్ని దాని పక్కన ఆనించి వెలుతురుకు పట్టండి. ఒకదాని గాళ్లలో మరొకదాని అంచులు చివరిదాకా కూర్చుంటే మర ఒకటే. మధ్యలో అంచు మీద అంచు ఎక్కి, సందులోంచి వెలుతురు కనిపిస్తే వేరు.

తల ఆరు పలకలుగా, కింద వాషర్‌లా అంచుతో ఉన్నది తీసుకోండి. కార్డు బ్రాకెట్‌కు, అంటే కార్డు చివరనున్న లోహపు రేకుకు, ఉండేది ఒక పక్క తెరిచిన గాడి, చిన్న తల దాన్ని సరిగా అదమలేదు. రేకులోకి దిగే చదునైన తల అసలు పనికిరాదు. చేత్తో తిప్పే థంబ్ స్క్రూలు హాయిగానే ఉంటాయి గానీ, స్లాట్‌పై కవర్ ఉన్న క్యాబినెట్లలో తల అడ్డొస్తుంది. కిట్ స్క్రూల్లో లోహం మెత్తన. నంబర్ 2 స్టార్ స్క్రూడ్రైవరే వాడండి, నంబర్ 1 తలను గుల్ల చేస్తుంది.

బిగించేముందు పవర్ కేబుల్ తీసేయండి. స్క్రూను మొదట వెనక్కి తిప్పితే చిన్న టక్కు తెలుస్తుంది. అక్కడినుంచి రెండు చుట్లు వేళ్లతోనే ముందుకు తిప్పండి. రంధ్రాలు కలవకపోతే స్క్రూతో లాగొద్దు. బ్రాకెట్ కింది నాలుక మదర్‌బోర్డు పక్క సందులోకి దిగలేదన్నమాట.

కార్డుల కోసమే అయితే కిట్ అనవసరం. పావు అంగుళం 6-32 వాషర్ తల స్క్రూలు పది ఉన్న ప్యాకెట్ చాలు. ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్ పనులూ ఉంటే కిట్ లాభమే. ఎం3 రంధ్రం మర పోయిన క్యాబినెట్‌కూ 6-32 ఉపయోగపడుతుంది: కార్డులన్నీ తీసేసి, 6-32 ట్యాప్‌తో (రంధ్రంలో మర కోసే పనిముట్టు) కొత్త మర వేసి, ఇనుప పొడి పూర్తిగా తుడిచాక బిగించవచ్చు.