డెల్టా తేమలో హెల్మెట్, తోలు జాకెట్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

నా పనంతా రొయ్యల చెరువుల చుట్టూ తిరగడమే. రావులపాలెం, అమలాపురం, రాజోలు, సఖినేటిపల్లిలో పంటు (బండ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం, అక్కణ్ణించి భీమవరం వైపు, ఎండైనా ముసురైనా బండి మీదే. ఫుల్ ఫేస్ హెల్మెట్, తోలు జాకెట్, తోలు గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు ఏళ్లుగా వాడుతున్నాను. వీటి మీద రివ్యూలు బోలెడు వస్తాయి గానీ ఎక్కువ బెంగళూరు, పుణె వాళ్లవి. బరువెంత, గాలి చప్పుడెంత, లుక్ ఎలా ఉంది అని చెబుతారు. కాలవ గట్టు పక్క ఇంట్లో, శ్రావణ భాద్రపదాల్లో రోజుల తరబడి ఎండ మొహం చూడకపోతే వీటి గతేంటో చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడ ఈ సామాను ఎక్కువగా పాడయ్యేది ఇంట్లో మేకుకి తగిలించి ఉన్నప్పుడే. అందుకని ఏది కొన్నా నేను ముందు చూసేది ఒకటే: దీన్ని విప్పి పూర్తిగా ఆరబెట్టుకోగలనా?

హెల్మెట్‌లో లోపలి లైనింగు, చీక్ ప్యాడ్లు బటన్లతో ఊడి రావాలి. అతికించేసిన లైనింగు ఉన్నది ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఒక్క వానాకాలానికే చెమట వాసన పట్టేస్తుంది, ఆ తర్వాత నల్ల బూజు మచ్చలు, నుదుటి మీద దురద. ఊడేదైతే గోరువెచ్చటి నీళ్లలో కాస్త బేబీ షాంపూ వేసి చేత్తో నొక్కి ఉతకండి, మెలిపెట్టి పిండొద్దు. ఫ్యాన్ కింద నీడలో ఆరేయండి. ముసురు రోజుల్లో అది ఆరడానికి రెండ్రోజులు కూడా పడుతుంది, తడి ఉండగానే బిగించేస్తే ఉతికిన ఫలితం లేదు. వీలైతే ఇంకో సెట్ ప్యాడ్లు కొని పెట్టుకోండి, నాకు వానాకాలం గడిచేది దానివల్లే.

ఇక సైజు. కనుబొమలకి ఓ అంగుళం పైన తల చుట్టూ టేపుతో కొలిచి ఆ కొలతతో షాపుకి వెళ్లండి, కానీ కొలత కుదిరిందని కొనెయ్యకండి. తల ఆకారాలు వేరు, కంపెనీల అచ్చులు వేరు. స్టడ్స్, స్టీల్‌బర్డ్, వేగా, యాక్సర్ అన్నిట్లోనూ మీడియం అని రాసి ఉన్నా తలకి ఒకేలా పట్టవు. పెట్టుకుని పావుగంట అలాగే ఉండండి, షాపాయన "ఏవండీ, ఇంకెంతసేపండీ" అన్నా సరే. బుగ్గలు గట్టిగా నొక్కాలి, కొత్తలో అది మంచిదే, ప్యాడ్లు కొన్నాళ్లకి సర్దుకుంటాయి. నుదుటి మీద ఒక్క చోటే నొప్పి పెడితే మాత్రం అది మీ తలకి కాదు. స్ట్రాప్ బిగించి వెనక అంచు పట్టుకుని ముందుకి లాగి చూడండి. ఊడొస్తే పడినప్పుడూ ఊడొస్తుంది.

ఐఎస్ఐ మార్కు విషయంలో రాజీ పడొద్దు. 2021 జూన్ 1 నుంచి టూవీలర్ హెల్మెట్లకి ఆ మార్కు తప్పనిసరి, ప్రమాణం పేరు ఐఎస్ 4151. రోడ్డు పక్కన గుడ్డ పరిచి అమ్మేవాటి మీద కూడా ఐఎస్ఐ స్టిక్కరు కనిపిస్తుంది, కాబట్టి స్టిక్కరు చూసి ఊరుకోకుండా దాని మీద సీఎం/ఎల్ అని ఉండే లైసెన్సు నంబరుని ఫోన్లో బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి, కంపెనీ పేరు వస్తుంది. దాంతోపాటు యూరప్‌లో వాడే హెల్మెట్ ప్రమాణం ఈసీఈ 22.06 కూడా ఉంటే ఇంకా మంచిది, అందులో తల మెలితిరిగేలా ఏటవాలుగా తగిలే దెబ్బని కూడా పరీక్షిస్తారు. వెనక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ చట్టం ప్రకారం ఉండాల్సిందే, లేకపోతే వెయ్యి రూపాయల ఫైను. మా ఆవిడ తల చిన్నది, నా పాతది ఆమెకి వదులు, అందుకే ఆమె సైజుకే వేరేగా కొన్నాం.

వైజర్, అంటే మొహం ముందుండే పారదర్శక రేకు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వరి పాలు పోసుకునే రోజుల్లో పొద్దుగూకాక లైటు వేస్తే చాలు, సుడిదోమా పచ్చదోమా మొహం మీదకి వచ్చి పడతాయి, చెరువు గట్ల మీద లైట్ల దగ్గరైతే మరీను. సగం హెల్మెట్‌తో ఆ రోడ్ల మీద రాత్రి ప్రయాణం కంటికి ప్రమాదం. ఇంటికొచ్చాక వైజర్‌కి అంటుకున్న పురుగుల్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. తడిగుడ్డ పైన పరిచి పది నిమిషాలు వదిలేయండి, అవే నాని వచ్చేస్తాయి. తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. అంట్లు తోమే పీచు, అద్దాలకి కొట్టే అమోనియా స్ప్రే, పెట్రోలు, థిన్నరు ఏవీ వద్దు. పెట్రోలు, థిన్నరు లోపలి థర్మోకోల్‌ని కరిగించేస్తాయి, పైన చిప్ప ప్లాస్టిక్కుదైతే దాన్నీ బలహీనం చేస్తాయి. బంకు దగ్గర హెల్మెట్‌ని ట్యాంకు మీద పెట్టే అలవాటు అందుకే మంచిది కాదు. బండి అద్దానికి తగిలించడమూ అంతే, అద్దం కొన లోపల థర్మోకోల్‌ని గుచ్చి సొట్ట పెడుతుంది, దెబ్బ తగిలినప్పుడు తలని కాపాడాల్సింది ఆ పొరే.

తోలు దగ్గరకొస్తే, ముందు అది తోలో రెక్సినో తేల్చుకోండి. పీయూ లెదర్ అని అమ్మేది మన తేమకి రెండు మూడేళ్లలో ఉల్లిపొరలా లేచిపోతుంది, దానికి ఏ క్రీమూ పనిచేయదు. కుట్టు లోపలి అంచు తిప్పి చూడండి. అసలు తోలుకి పీచు కనిపిస్తుంది, రెక్సిన్‌కి అడుగున బట్ట నేత ఉంటుంది. పెళ్లిళ్లకి వేసుకునే గొర్రెతోలు జాకెట్టు పల్చన, రోడ్డు మీద జారితే ఆగదు. బండికి 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల మందం కావాలి. భుజాలకి, మోచేతులకి ఉండే ప్యాడ్ల మీద ఈఎన్ 1621 అని (ప్యాడ్లకి యూరప్ ప్రమాణం), దాంతోపాటు లెవెల్ 1 గానీ లెవెల్ 2 గానీ ఉంటుంది, లెవెల్ 2 అయితే దెబ్బని ఎక్కువ ఆపుతుంది. వీపు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, చాలా జాకెట్లలో అక్కడ ఉత్త స్పాంజే ఉంటుంది, అసలు ప్యాడ్ వేరుగా కొనాలి.

మనవైపు అందరూ ఇచ్చే సలహా కొబ్బరి నూనె. మా బావా అదే అంటాడు, "రాసెయ్ బావా, మెరిసిపోద్ది". మొదట మెరుస్తుంది, నిజమే. కానీ నూనె లోపలికి ఇంకి తోలు సాగుతుంది, దుమ్ము పడుతుంది, ముసురు పట్టాక కమురు వాసన వేస్తుంది. తోలు కోసమే తయారైన కండిషనర్ పల్చగా, వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రాస్తే చాలు. తడిస్తే గుడ్డతో అద్ది, లోపల పాత పేపర్లు కుక్కి, వెడల్పాటి హ్యాంగర్‌కి ఫ్యాన్ గాలిలో వదిలేయండి. ఎండలో వేస్తే బిరుసెక్కి పగులుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాస్తే బూజు ఖాయం, నేను పాత నూలు పంచె చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన వేస్తాను. బూజు కనిపిస్తే ఆరుబయట దులపండి, వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి, ముందు లోపల కనపడని చోట పరీక్షించాకే.

రోహిణి కార్తెలో ఈ జాకెట్టు వేసుకోమని ఎవరికీ చెప్పను. వడదెబ్బ కూడా ప్రమాదమే. మార్చి నుంచి వానలు పడేదాకా ప్యాడ్లున్న మెష్ (గాలాడే జాలీ బట్ట) జాకెట్టు, కార్తీకం నుంచి మాఘం దాకా తోలు, ఇదీ నా పద్ధతి. గ్లౌజులు మాత్రం ఏడాదంతా తోలువే, అరచెయ్యి పక్క కుట్లు రెండు వరసలు ఉన్నవి. పడబోయే మనిషి ముందు చాచేది చెయ్యే కదా. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, చేపల లారీల నుంచి కారిన నీళ్లు, ఈ రెండిటి మీదా బండి ఎలా జారుతుందో ఇక్కడి వాళ్లకి తెలుసు.

హెల్మెట్ లోపల తయారీ నెల, సంవత్సరం చూసుకోండి. దెబ్బ తగలకపోయినా అయిదేళ్లకి మార్చేస్తాను, పడితే ఆ రోజే. పాతదాన్ని ఎవరికీ ఇవ్వను, స్ట్రాప్ కత్తిరించే పారేస్తాను, లేకపోతే దాన్ని ఎవరో ఒకరు తెచ్చుకుని పెట్టుకుంటారు.