స్వీట్ హోమ్ త్రీడీ: స్లాబు ఇంటికి చక్కగా సరిపోతుంది, పెంకుటింటికి లెక్క మనమే వెయ్యాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇల్లు కట్టించేటప్పుడు ప్లాను ఇంజనీరు గీస్తాడు, గోడ మేస్త్రి లేపుతాడు. మెట్లు ఎక్కడ రావాలి, వసారా ఎంత ఉండాలి అన్న తగువు మాత్రం ఇంటివాళ్ళ మధ్యే తేలాలి. ఆ తగువు కాగితం మీద తేలదు, కళ్ళకు కనబడాలి. అందుకు పైసా ఖర్చు లేకుండా, మామూలు లాప్‌టాప్ మీద నడిచేది స్వీట్ హోమ్ త్రీడీ. 2006 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. గోడలు, తలుపులు, సామాన్లు పెట్టడం గంటలో పట్టుబడుతుంది. అందరూ ఆగిపోయేది పైకప్పు దగ్గర, ఆ తరవాత గచ్చు దగ్గర. ఈ సమీక్ష ఆ రెండిటి గురించే.

ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం చిక్కులు రావు. ఇందులో 'రూఫ్' అనే పనిముట్టు లేదు. గది గీసి, 'సీలింగ్' టిక్ పెట్టి, పైనుంచి చూస్తే ఇల్లు మూతలేని డబ్బాలా కనిపిస్తుంది. అది తప్పు కాదు. సీలింగ్ అనేది కింద నిలబడి చూసేవాడికోసం గీసిన పొర, పైనుంచి కనబడదు. స్లాబు కావాలంటే పైన ఇంకో అంతస్తు వెయ్యాలి. ఆ అంతస్తు గచ్చే మన స్లాబు.

అంతస్తును ఇందులో 'లెవెల్' అంటారు. లెవెల్ డబ్బాలో మూడు అంకెలుంటాయి: ఎలివేషన్, ఫ్లోర్ థిక్‌నెస్, హైట్. ఎలివేషన్ అంటే ఆ అంతస్తు గచ్చు పైమట్టం, స్లాబు అడుగు కాదు. ఇక్కడే చాలామంది 12 సెంటీమీటర్లు తేడా తెచ్చుకుంటారు. 2 అడుగుల ప్లింతు (నేల మీద నుంచి గచ్చు వరకు లేపే కట్టడం), 10 అడుగుల గోడ, 5 అంగుళాల స్లాబు ఉన్న ఇంటికి అంకెలు సెంటీమీటర్లలో ఇలా పడాలి. ప్లింతు లెవెల్: ఎలివేషన్ 0, హైట్ 48. నేల అంతస్తు: ఎలివేషన్ 60, థిక్‌నెస్ 12, హైట్ 305. మేడ: ఎలివేషన్ 377.5, థిక్‌నెస్ 12.5, హైట్ 90. ఆ 90 పిట్టగోడ ఎత్తు. 'యాడ్ లెవెల్' నొక్కితే కొన్ని అంకెలు అదే వేసేస్తుంది, కానీ మందం దాని అలవాటు ప్రకారం 12 ఉంటుంది. అంకెలన్నీ ఒకసారి చేత్తో సరిచూసుకోండి. అంగుళాల్లోనే ఆలోచించేవాళ్ళు ప్రిఫరెన్సెస్‌లో యూనిట్ మార్చుకోవచ్చు.

ప్లింతుకు వేరే లెవెల్ ఎందుకంటే, అన్నిటికన్నా కింద ఉన్న లెవెల్‌కు ఈ సాఫ్ట్‌వేర్ గచ్చు మందం లెక్కలోకి తీసుకోదు. నేల అంతస్తునే మొదటిది చేసి థిక్‌నెస్ 60 అని రాసినా ఇల్లు మట్టి మీదే కూర్చుంటుంది. కింద 48 సెంటీమీటర్ల గోడలతో ప్లింతు లెవెల్ పెడితే, పై గోడలు తమ గచ్చు మందం మేర కిందికి దిగి ఆ 12 సెంటీమీటర్ల ఖాళీని కప్పేస్తాయి.

ఇక స్లాబు గీత. గోడల మధ్య డబుల్ క్లిక్ చేస్తే గది దానంతటదే ఏర్పడుతుంది, కానీ గోడ లోపలి ముఖం వరకే. స్లాబును అలా వెయ్యకూడదు. మేడ లెవెల్‌లో కింది గోడలు లేత గీతల్లా కనబడతాయి. వాటి బయటి అంచు పట్టుకుని చేత్తో గది గీయాలి. సన్‌షేడ్ స్లాబుతో కలిసి వచ్చే చోట 45 నుంచి 60 సెంటీమీటర్లు బయటికి లాగాలి. గీస్తూ ఎంటర్ నొక్కితే పొడవు, కోణం టైపు చెయ్యొచ్చు. మౌస్‌తో లాగితే 304.7, 305.2 లాంటి అంకెలు పడి, మూలల దగ్గర సన్నని సందులు కనబడతాయి.

పిట్టగోడ దగ్గర ఇంకో చిక్కు. గోడ కొలత మధ్యగీత మీద నడుస్తుంది. కింద 9 అంగుళాల గోడ, అంటే 23 సెంటీమీటర్లు. పైన పిట్టగోడ నాలుగున్నర అంగుళాలు, అంటే 11.5. అయస్కాంతంలా పట్టే మాగ్నెటిజం రెండిటి మధ్యగీతలూ కలిపేస్తే పిట్టగోడ స్లాబు అంచు నుంచి 5.75 సెంటీమీటర్లు లోపలికి పోతుంది. విండోస్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుంటే ఆ పట్టు వదులుతుంది. లేదా గోడ మోడిఫై డబ్బాలో ఎక్స్, వై అంకెలనే 5.75 మేర మార్చి బయటికి జరపండి. రెండోదే నమ్మకం.

డబుల్ క్లిక్ చేసినా గది రాకపోతే ఎక్కడో రెండు గోడలు ఆనుకున్నట్టు కనిపిస్తూ కలవలేదన్నమాట. బాగా జూమ్ చేసి, గోడ కొస పట్టుకుని పక్కదాని కొస మీదికి లాగండి.

బాత్‌రూమ్ గచ్చు అంగుళం దిగాలనేది ఇళ్ళలో మామూలు. ఇక్కడ గదికి సొంత ఎత్తు లేదు, అంతస్తుకే ఉంది. అందుకే 'యాడ్ లెవెల్ ఎట్ సేమ్ ఎలివేషన్' తీసుకుని, దాని ఎలివేషన్ 57.5 చేసి, బాత్‌రూమ్ గదిని అందులో గీయాలి. నేల అంతస్తులో ఆ చోట గది ఉండకూడదు, ఉంటే పాత గచ్చే పైన కప్పేస్తుంది. మండువాకు, వెలుతురు కోసం వదిలే ఖాళీకి కూడా ఇలాంటి బాధే. గదికి నడుమ కన్నం పెట్టే వీలు లేదు. స్లాబును నాలుగు పట్టీలుగా ఖాళీ చుట్టూ గీస్తే సరిపోతుంది. పట్టీల అతుకు గీత కనబడకుండా అన్నిటికీ ఒకే రంగు వెయ్యండి, టైల్ టెక్స్చర్ వద్దు.

మెట్లకు మాత్రం కన్నం దానంతటదే పడుతుంది, ఎత్తు సరిగ్గా ఉంటే. గోడ 305, స్లాబు 12.5 కలిపి మెట్ల హైట్ 317.5 ఉండాలి. 305 అని వదిలేస్తే మెట్లు స్లాబు అడుగునే ఆగిపోతాయి. కాటలాగ్‌లోని మెట్ల బొమ్మలో మెట్ల సంఖ్య మారదు, సాగదీస్తే ఒక్కో మెట్టే ఎత్తవుతుంది. 317.5ని 18 ఎత్తులుగా పంచితే ఒక్కోటి 17.6 సెంటీమీటర్లు, ముసలివాళ్ళకి కూడా వీలు. 14 మెట్ల బొమ్మ సాగదీస్తే 22.7 వస్తుంది. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, మోకాళ్ళకి కాదు. 18 ఎత్తులకు 17 అడుగుపలకలు, ఒక్కోటి 25 చొప్పున 425 సెంటీమీటర్ల పొడవు కావాలి. ముఖం 12 అడుగులు, లోతు 60 అడుగులు ఉండే సన్నని స్థలంలో ఈ 425 ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. దాన్ని ముందే చూపించడం ఈ సాఫ్ట్‌వేర్ చేసే గొప్ప మేలు.

పెంకులు, రేకుల ఇళ్ళకు వద్దాం. ఇక్కడ మార్కులు తగ్గుతాయి. రెండు వాలుల కప్పుకు ముందు త్రికోణపు గోడ కావాలి. ముందు గోడను 'స్ప్లిట్ వాల్'తో సగానికి విరవండి. ఒక్కో ముక్కకు స్లోపింగ్ వాల్ ఎంచుకుని మొదటి కొసకు 305, నడిమి కొసకు 481 ఇవ్వండి. వాలు తిరగబడితే ఆ రెండు అంకెలూ తారుమారు చెయ్యండి. 481 ఎక్కడిదంటే, ఇంటి వెడల్పు 610లో సగం 305, 30 డిగ్రీల వాలుకు దాన్ని 0.577తో గుణిస్తే 176, దానికి గోడ 305 కలిపితే 481.

కప్పు పలకకు కాటలాగ్‌లోని పెట్టె, అంటే 'బాక్స్', వాడాలి. చూరు 60 సెంటీమీటర్లు బయటికి రావాలంటే అడ్డంగా 365. వాలు పొడవు కోసం 0.866తో భాగిస్తే 421. మందం 3. కోణం 30. ఎలివేషన్ 270 ఇవ్వాలి, 305 కాదు. తిప్పిన వస్తువుకు ఎలివేషన్ అంటే దాని అట్టడుగు అంచు. చూరు గోడ తల కన్నా 35 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది కదా. ఈ ఒక్క అంకె తప్పడం వల్లే కప్పు గాలిలో తేలుతున్నట్టు కనబడుతుంది. రెండో వాలుకు ఇదే పెట్టెను కాపీ చేసి ప్లానులో 180 డిగ్రీలు తిప్పండి. కప్పు మొత్తాన్ని వేరే లెవెల్‌లో ఉంచితే, లోపలి గదులు చూడాలనుకున్నప్పుడు ఆ లెవెల్ దాచెయ్యొచ్చు.

నాలుగు వాలుల కప్పు ఇలా రాదు. దానికి త్రికోణాలు కావాలి, పెట్టె దీర్ఘచతురస్రమే. బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చేసి ఓబీజే అనే రకం ఫైలుగా తెచ్చుకోవాలి. నాలుగు వాలుల పెంకుటిల్లే కట్టేవాళ్ళకు హోమ్ డిజైనర్ లాంటి డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్ మేలు. అందులో గోడల్ని బట్టి కప్పు దానంతటదే లేస్తుంది.

తెర మీద కప్పు నిలబడిందని నిజంగా నిలబడుతుందనుకోకూడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను కూడా ముంచింది. 60 సెంటీమీటర్ల చూరు వానకు మంచిదే, కానీ అంత బయటికి వచ్చిన రేకును గాలి కింద నుంచి ఎత్తుతుంది. హుక్కులు ఎన్ని, పర్లిన్ల (రేకుల కింద అడ్డంగా వేసే కమ్మీల) మధ్య దూరం ఎంత అనేది ఈ సాఫ్ట్‌వేర్ చూడదు. అది ఇంజనీరునే అడగాలి.

ఇంజనీరు ఇచ్చిన ప్లాను స్కాను ఉంటే 'ఇంపోర్ట్ బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్'తో కింద పరిచి, తెలిసిన ఒక గోడ పొడవు ఇచ్చి స్కేలు కుదర్చండి. ప్రతి అంతస్తుకూ బొమ్మ వేరు కాబట్టి మూలబిందువు అన్నిట్లోనూ ఇంటి ఒకే మూల మీద పెట్టాలి, లేకపోతే మేడ పక్కకు జరిగి కూర్చుంటుంది. మేస్త్రికి ఇచ్చే కాగితం పేజీ సెటప్‌లో స్కేలు పెట్టి ప్రింటు తియ్యండి. 60 అడుగుల లోతు 1/100లో 18.3 సెంటీమీటర్లు, ఏ4లో పడుతుంది. 1/50 కావాలంటే 36.6, ఏ3 తప్పదు.