కుకీల్లోకి మాచానా, హోజిచానా?

రెండూ జపాన్ తేయాకే. మాచా కోసం కోతకు ముందు కొన్ని వారాలు తోటకు నీడ కట్టి, ఎండిన ఆకు ఈనెలు తీసేసి తిరగలిలో మెత్తగా విసురుతారు. హోజిచా అంటే వేయించిన గ్రీన్ టీ, అంతే.

బేకింగ్‌లో మాచాకు గారాలెక్కువ. ఓవెన్ వేడి కాస్త పెరిగిందా, ఆ చిలకపచ్చ రంగు అంచుల దగ్గర పాచిరంగుకు తిరుగుతుంది. 160 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. పిండిలో జల్లించి మరీ కలపాలి, లేకపోతే ఉండలు కట్టి ఒక్కో ముక్క చేదుగా తగులుతుంది. హోజిచాతో ఆ టెన్షన్ లేదు. ముందే గోధుమరంగు, కమ్మటి వేపుడు వాసన. వెన్న, బెల్లంతో ఇట్టే కలిసిపోతుంది. మూడేళ్ల బుడ్డోడు గరిట లాక్కుని కలిపేసినా పెద్దగా చెడిపోదు (వంటగది గోడల సంగతి వేరు).

కెఫీన్ కూడా చూడాలి. 2 గ్రాముల మాచాలో సుమారు 60 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలిచ్చే తల్లులకు రోజుకు 200 వరకు ఫర్వాలేదని 2015లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. హోజిచాలో మాచా కంటే తక్కువే; జపాన్‌లో పిల్లలకూ, వయసు మళ్లినవాళ్లకూ పోస్తారు.

నా ఓటు కుకీలకు హోజిచాకే. మాచా అయితే పిల్లాడు పడుకున్నాక వెదురు కవ్వంతో నురగ వచ్చేలా గిలక్కొట్టి తాగుతాను. అంత ఖరీదైన పొడిని ఓవెన్ పాలు చేయడానికి చేతులు రావు.