ఎండలో కనిపించని స్క్రీన్, అంచులు దాచే వ్యూఫైండర్: కెనాన్ జీ12 వాడకంలో తేలిన సంగతులు

కెనాన్ పవర్‌షాట్ జీ12 విడుదలైన 2010 నాటికే చిన్న డిజిటల్ కెమెరాల్లో ఆప్టికల్ వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి ఎదుటి దృశ్యాన్ని గాజుల గుండా నేరుగా చూసే రంధ్రం, అరుదైపోయింది. ఈ కెమెరాలో మాత్రం లెన్స్‌కు పైన ఆ చిన్న గాజు రంధ్రమూ ఉంది, పక్కకు తెరిచి ఎటైనా తిప్పుకోగల 2.8 అంగుళాల స్క్రీనూ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ కెమెరాను చాలా ఏళ్లుగా తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ వాడుతున్నాను. దీని 10 మెగాపిక్సెళ్ల సీసీడీ సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే చిప్పు) ఇచ్చే బొమ్మల నాణ్యత జోలికి ఇక్కడ పోను. ఫొటో తీసే ముందు కన్ను ఎక్కడ పెట్టాలన్నదే ఈ సమీక్షలోని విషయం.

ముందుగా ఎండ సంగతి. చంద్రగిరి కోటలో రాజమహల్ ఎదుట మే నెల మధ్యాహ్నం నిలబడి స్క్రీన్ చూస్తే, అందులో కనిపించేది మూడంతస్తుల మహలు కాదు, మన ముఖమూ చొక్కా గుండీలూ. వెలుగు పూర్తిగా పెంచినా పెద్ద తేడా ఉండదు. అదే వ్యూఫైండర్‌కు కన్ను ఆనిస్తే మహలు గోపురాలూ తోరణాలూ స్పష్టంగా కనిపిస్తాయి, ఎందుకంటే అందులో ఉన్నవి కొన్ని గాజు కటకాలే తప్ప వెలగాల్సిన వస్తువేదీ లేదు. దీనివల్ల బ్యాటరీ కూడా మిగులుతుంది. స్క్రీన్ వాడితే ఒక చార్జికి సుమారు 370 ఫొటోలు, ఆపేస్తే సుమారు 1000 వస్తాయని కంపెనీ చెప్పిన లెక్క. నా వాడకంలో అంత రాకపోయినా, తలకోన లాంటి చోటికి వెళ్లిన రోజున చార్జర్ గురించి ఆలోచించాల్సిన అవసరం రాలేదు. స్క్రీన్‌ను తిప్పి లోపలివైపుకు మూసేస్తే అదే ఆరిపోతుంది, దాని మీద గీతలూ పడవు.

అయితే ఆ గాజు రంధ్రం చూపించేది ఫొటోలో పడబోయే దానిలో 77 శాతం మాత్రమే. మనం చూడని అంచులు ఫొటోలో చేరిపోతాయి కనుక, గోపురం ఒక్కటే అనుకుని తీసిన చోట పక్కనున్న కరెంటు తీగ, ఫ్లెక్సీ మూల కూడా వచ్చి కూర్చుంటాయి. వాటిని తరువాత కత్తిరించుకోవచ్చు, అది పెద్ద నష్టం కాదు. లెన్స్‌ను ఎక్కువ దృశ్యం పట్టేలా పూర్తిగా వెడల్పుకు పెట్టినప్పుడు దాని గొట్టమే అడ్డువచ్చి చూపు కింది భాగాన్ని కొంత మింగేస్తుంది, దానికీ అలవాటు పడవచ్చు. అలవాటుతో తీరనిది దగ్గరి వస్తువుల ఇబ్బంది. వ్యూఫైండర్ చూసే చోటు వేరు, లెన్స్ చూసే చోటు వేరు. ఇరవై అడుగుల దూరంలో ఆ తేడా లెక్కలోకి రాదు కానీ, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీద దేవతా మూర్తి కన్ను, దాని చుట్టూ వెదురు కలంతో గీసిన సన్నని నల్ల గీతా కావాలనుకుంటే, వ్యూఫైండర్‌లో నడిమధ్యన ఉన్న కన్ను ఫొటోలో ఒక మూలకు జరిగిపోతుంది. ఈ లెన్స్ 1 సెంటీమీటరు దాకా దగ్గరికి వెళ్లగలదు. అంత దగ్గరలో వ్యూఫైండర్ పూర్తిగా నిరుపయోగం. అక్కడ స్క్రీన్ తప్ప మరో మార్గం లేదు.

రెండూ కావాలని నాకు గట్టిగా అనిపించింది, భక్తులు రకరకాల వేషాలు వేసుకునే తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లగా నామంకొమ్ము పూసుకుంటారు, 'తోటి' అనే వేషానికి బొగ్గు పూసుకుంటారు. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు దేన్నయినా మధ్యరకం బూడిద రంగుగానే లెక్కిస్తుంది కాబట్టి తెల్లటి ఒళ్లు మసకబారుతుంది, నల్లటి ఒళ్లు వెలిసిపోతుంది. స్క్రీన్ ఈ తేడాను ముందే చూపిస్తుంది, కానీ ఆ ఎండలో స్క్రీనే కనిపించదు. ఇక్కడ ఆదుకున్నది జీ12 పైభాగంలో ఎడమవైపున్న, ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ చక్రం: తెల్లటి వేషం ఎదురైతే ఒకటి రెండు గీతలు పైకి, నల్లటి వేషం ఎదురైతే కిందికి తిప్పి, కన్ను మళ్లీ వ్యూఫైండర్‌కు ఆనించడమే. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ ఎంతగా స్పందించాలన్న లెక్క) చక్రం కూడా పైనే ఉండడం వల్ల మెనూల్లోకి వెళ్లే పని లేదు. ఇలాంటి చక్రాలు లేని చిన్న కెమెరాలో ఆప్టికల్ వ్యూఫైండర్ సగం విలువ కోల్పోతుందని నా అభిప్రాయం. జనం మరీ ఒత్తుకొచ్చినప్పుడు మాత్రం కెమెరాను తలపైకి ఎత్తి, స్క్రీన్‌ను కిందికి వంచి తీయక తప్పదు. పైగా, వేషం వేసుకున్న పిల్లలు "ఏదన్నా, ఒకసారి చూపించన్నా" అని చుట్టుముడితే చూపించడానికి స్క్రీన్ ఉండాల్సిందే!

రాత్రి పూట లెక్క మారుతుంది. తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాల్లో వాహన సేవ వీధిలోకి వచ్చినప్పుడు, చుట్టూ ఉన్న దీపాల వల్ల స్క్రీన్ మీద నిలువునా తెల్లని చారలు పడతాయి. అది సీసీడీ సెన్సర్ల స్వభావం. ఫొటోలోకి ఆ చార రాదు, తీసేవారి చూపునే చెడగొడుతుంది. చీకట్లో స్క్రీన్ మీది బొమ్మ వెనకబడి కదులుతుంది కూడా, ఫొటో తీసిన క్షణంలో ఆగిపోతుంది. వాహనం బోయీల భుజాల మీద ఊగుతూ సాగే వేళ ఇవన్నీ అడ్డంకులే. వ్యూఫైండర్‌లో చూపు తెగదు, పైగా కెమెరా నుదుటికి ఆని ఉండడం వల్ల చేతి వణుకు తగ్గుతుంది. ఫోకస్ ఎక్కడ కుదిరిందో మాత్రం అది చెప్పదు. పక్కనున్న ఆకుపచ్చ దీపాన్ని నమ్ముకోవాలి.

ఈ వ్యూఫైండర్లు పోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. లెన్స్ జూమ్‌తో పాటు వ్యూఫైండర్ కటకాలూ కదలాలంటే అదనపు యంత్రాంగం కావాలి, జూమ్ పెరిగే కొద్దీ అది చిక్కుముడి అవుతుంది, ఆ చోటును పెద్ద స్క్రీన్లు ఆక్రమించాయి. కెనాన్ జీ వరుసలో 2013 నాటి జీ16తోనే ఇవి ఆగిపోయాయి. సోనీ 2014లో ఆర్ఎక్స్100 కెమెరా మూడో రకంలో పైకి లేచే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్, అంటే లెన్స్ చూసేదాన్నే లోపలి చిన్న తెర మీద చూపేది, పెట్టింది. ఎండకూ అంచులకూ కూడా అది మంచి జవాబే కానీ, బ్యాటరీని అదీ తింటుంది. ధర భరించగలిగి, దగ్గరి వస్తువులు ఎక్కువగా తీసేవారికి నేనైనా దాన్నే సూచిస్తాను.

పాత జీ12 కొనాలనుకునేవారు ముందు వ్యూఫైండర్‌లో చూస్తూ జూమ్‌ను ఆ చివర నుంచి ఈ చివర దాకా నడపాలి. బొమ్మ తడబడకుండా సాఫీగా పెరగాలి. తెల్లటి గోడవైపు తిప్పి, లోపల దుమ్మూ ఫంగస్ మచ్చలూ ఉన్నాయేమో చూడాలి. నా దాంట్లో దుమ్ము చేరింది, అది ఫొటోల్లోకి రాదు కానీ కంటికి అడ్డుతగులుతుంది. కళ్లద్దాలవారు పక్కనున్న చిన్న చక్రంతో చూపు సరిచేసుకుని, అద్దాలు తీసేసి చూడగలరో లేదో అంగట్లోనే తేల్చుకోవాలి. స్క్రీన్ మడత కీలు వదులైన కెమెరా ఎంత చవకగా ఇచ్చినా వద్దు.