దురదకు ఏ ట్యూబ్ మేలు?

1% అని ఉన్న స్టెరాయిడ్ క్రీమ్, 0.05% అని ఉన్నది పక్కపక్కన పెడితే ఎవరైనా మొదటిదే ఘాటు అనుకుంటారు. ఇక్కడ లెక్క తలకిందులు. 1% హైడ్రోకార్టిసోన్ ఈ పూతమందుల్లో చాలా తేలికైనది. 0.05% క్లోబెటసాల్ అన్నిటికంటే బలమైన వర్గంలోది. శాతం కాదు, మందు పేరు చూడాలి.

ముఖం, కనురెప్పలు, చంకలు, గజ్జలు, పసిపిల్లల ఒళ్లు... ఈ చోట్ల చర్మం పలచన, మందు తొందరగా లోపలికి ఇంకుతుంది. అందుకే డాక్టర్లు ముందు హైడ్రోకార్టిసోన్ లాంటిదే రాస్తారు. అరికాళ్ల మీద మందంగా బెరడు కట్టిన ఎగ్జిమాకు (దురదపెట్టే చర్మవాపుకు) అది చాలదు. అక్కడ క్లోబెటసాల్ దిగాల్సిందే, అదీ డాక్టరు చెబితే, మామూలుగా రెండు వారాలు దాటకుండా. చేతులు, కాళ్ల మీద వచ్చే ఎగ్జిమాకు మధ్యలోని మొమెటసోన్, బీటామెథసోన్ వేలరేట్ చాలావరకు సరిపోతాయి. బలం దాదాపు ఒకటే. నన్నడిగితే మొమెటసోనే, రోజుకు ఒక్కసారి రాస్తే చాలు. మా ఇంట్లో రెండోపూట గుర్తుపెట్టుకునేవాళ్లు లేరు మరి.

పొడిబారి పగిలిన చోట ఆయింట్‌మెంట్ మేలు, జిడ్డుగా ఉన్నా సరే. చెమ్మ కారుతుంటే క్రీమ్. తలలో అయితే లోషన్. చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత వరకు పిండితే అర గ్రాము, పెద్దవాళ్ల రెండు అరచేతులంత (వేళ్లతో సహా) చోటుకు సరిపోతుంది.

అసలు గొడవ మిక్స్‌డ్ ట్యూబులతో. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి ఒకే ట్యూబులో పెట్టి, ఫంగస్‌తో గుండ్రంగా వచ్చే తామరకు ఇస్తుంటారు. రెండు రోజుల్లో దురద ఆగిపోతుంది, మనకు హాయి. లోపల ఫంగస్‌కూ హాయే! స్టెరాయిడ్ ఒంటి రక్షణను అణిచేస్తుంది కాబట్టి అది మెల్లగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, తర్వాత చూసే డాక్టరు కూడా అది తామరేనా అని తికమకపడేలా అవుతుంది. తామరకు క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ లాంటి ఒట్టి ఫంగస్ మందే మేలు. తెల్లబడాలని ముఖానికి బీటామెథసోన్ రాసేవాళ్లది ఇంకో బాధ: చర్మం పలచబడి ఎర్రనరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి.

2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మే మందుల్లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. ఇంట్లో పాత ట్యూబ్ ఉంటే వెనక సన్నక్షరాలు చదవండి. క్లోబెటసాల్ గానీ, బీటామెథసోన్ గానీ కనిపిస్తే దాన్ని తామర మీద పెట్టకండి.