లూసర్న్ గింజ ఎకరాకు పది కిలోలా, ఆరు కిలోలా?

చలి మొదలైతే చాలు, పశువుల పచ్చిమేతకు లూసర్న్ వేసే పాడి ఉన్నవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, ఏ రకం అని: "అన్నా, ఆనంద్-2 వేయాలా, ఆర్.ఎల్-88 వేయాలా?" గింజ ఎంత పోయాలి, చల్లాలా సాళ్లలో వేయాలా అని అడిగేవాళ్లు తక్కువ. నేను అసలు తేడా అక్కడే చూశాను.

రకాల మాట ముందు చెప్పేస్తాను. ఆనంద్-2 గుజరాత్‌ది, ఆర్.ఎల్-88 మహారాష్ట్రలోని రాహురిది. రెండూ ఏళ్ల తరబడి కోసుకునేవే. నా మడిలో కోత అయ్యాక ఆర్.ఎల్-88 కాస్త ముందు తేరుకుంది, అందుకే నా ఓటు దానికి. తమిళనాడు కో-1 దొరికితే అదీ వేసుకోవచ్చు.

ఇక గింజ. చల్లితే ఎకరాకు 8-10 కిలోలు, అడుగు ఎడంతో సాళ్లలో వేస్తే 5-6 కిలోలు. కిలోకు సుమారు నాలుగున్నర లక్షల గింజలుంటాయి. అంటే ఆరు కిలోలకే చదరపు అడుగులో అరవై గింజలు పడతాయి, పది కిలోలకు వంద. అన్ని మొక్కలకు అక్కడ చోటెక్కడిది? ఒకదాన్నొకటి అణిచేసుకుని చాలావరకు చచ్చిపోతాయి. పలచగా ఉన్నచోట ఒక్కో కుదురు ఎక్కువ కొమ్మలు వేస్తుంది. రెండో ఏడు వచ్చేసరికి దిగుబడిలో పెద్ద తేడా ఉండదు.

ఒత్తుగా వేస్తే లాభం లేదని కాదు. మొదటి కోతల్లో కాడ సన్నగా, మెత్తగా వస్తుంది. కానీ మడిలో చేయి పెట్టి విడదీసి చూడండి: నీడ పడి కింది ఆకులు పసుపెక్కి రాలిపోతుంటాయి. లూసర్న్‌లో మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులోనే. పదింట ఒక మొక్క పూతకొచ్చినప్పుడు కోయకుండా ఆలస్యం చేస్తే ఏ రకమైనా కాడ ముదిరి గేదె వదిలేస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమైంది కలుపు. మొదటిసారి పది కిలోల లెక్కన చల్లాను. బంగారు తీగ వచ్చింది, అదే, మొక్కల్ని అల్లుకుని వాటి రసం పీల్చే కలుపు. ఆ పచ్చటి గుబురులో కాలు పెట్టే దారి లేదు, పసుపు పోగులు కనిపించేసరికి మడిలో మూల మొత్తం అల్లుకుపోయింది. ఆ మూలంతా తీసేసి తగలబెట్టాం. ఖాళీలో మళ్లీ గింజ చల్లితే మొలిచింది, ఎదగలేదు. పాత లూసర్న్ వేర్ల నుంచి వచ్చే పదార్థాలు కొత్త మొలకను ఎదగనివ్వవని తర్వాత తెలిసింది. పోయిన చోటు పోయినట్టే. సాళ్లయితే మధ్యలో నడుస్తూ తీగ పోగు కనపడగానే ఆ మొక్కతో సహా లాగేయొచ్చు.

ఈసారి పావు ఎకరానికి కిలోన్నర ఆర్.ఎల్-88 తెచ్చాను. గింజలో బంగారు తీగ విత్తనం కలిసి ఉంటే తేలిపోవాలని, పది లీటర్ల నీళ్లకు కిలో ఉప్పు కలిపి గింజ పోశాం. తేలినదంతా తీసేసి, మునిగిన గింజను మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాం. రేపు సాళ్లు తీస్తాం.