అమార్ఫస్ కోర్‌తో ఆరేళ్లు: కాగితం ముక్క పెట్టిన తంటా

నేను ఇంట్లో కట్టుకున్న ట్యూబ్ యాంప్లిఫయర్‌కు అమార్ఫస్ సీ-కోర్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు వేసి ఆరేళ్లయింది. ట్యూబు నుంచి వచ్చే సంకేతాన్ని స్పీకర్‌కు అందించేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, దాని తీగచుట్ల లోపల ఉండే ఇనుప భాగం కోర్. నా కోర్ స్ఫటిక నిర్మాణం లేని (అమార్ఫస్) ఇనుప మిశ్రమపు పల్చని పట్టీని చుట్టి, రెండు సీ ఆకారపు ముక్కలుగా కోసినది. మొదటి నెలల్లో అడిగినవారికీ అడగనివారికీ "సీఆర్‌జీఓ స్టాంపింగులతో (మామూలు సిలికాన్ ఉక్కు రేకులతో) ఇక పని లేదు" అని చెబుతూ తిరిగాను. ఆ మాటను ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు గానీ, ఆ ఘనతలో కోర్ వాటా ఎంత, కోర్ ముక్కల మధ్య పెట్టిన కాగితం వాటా ఎంత అన్నది విడదీసి చెప్పవలసి ఉంది.

నాది సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్, అంటే ఒకే ట్యూబు సంకేతమంతటినీ మోసేది. చానల్‌కు ట్రయోడ్‌గా కలిపిన ఈఎల్34 ట్యూబు ఒకటి, 3 కిలోఓమ్‌ల ప్రైమరీ (ట్రాన్స్‌ఫార్మర్‌లో ట్యూబు వైపు తీగచుట్ట), అందులో 2,600 చుట్లు, వాటి గుండా ఎడతెగకుండా 70 మిల్లీయాంపుల డీసీ. ఆ డీసీకి కోర్ నిండిపోకుండా, అంటే ఇక అయస్కాంతత్వం పట్టని హద్దుకు చేరకుండా, రెండు కాళ్ల దగ్గరా (సీ ముక్కలు కలిసే రెండు చోట్లా) 0.1 మి.మీ. మందం కాగితం పెట్టించాను. ఆ సందునే గ్యాప్ అంటారు. రాత్రివేళ శబ్దం బాగా తగ్గించి వింటున్నప్పుడు వీణ మీటు ఆరిపోతూ ఆరిపోతూ ఉండే చివరి భాగం కూడా చెవిన పడడం నన్ను మొదట కట్టిపడేసింది.

దీనిలో నన్ను విసిగించిన గుణం ఒక్కటే, ఇది పాడుతుంది. అయస్కాంత బలానికి అమార్ఫస్ ఇనుము సాగి ముడుచుకోవడం సిలికాన్ ఉక్కు కంటే చాలా ఎక్కువ. అందువల్ల స్పీకర్ తీసేసి డమ్మీ లోడ్ (స్పీకర్‌కు బదులు పెట్టే రెసిస్టర్) తగిలించినా ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలోంచి పాట సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. నాలుగో ఏట ఎడమ వైపుది మరీ గట్టిగా పాడసాగింది. ఉక్కు పట్టీ వదులైందేమోనని, బిగించి తెమ్మని మా అబ్బాయి చేత మోటార్లు, స్టెబిలైజర్లు చుట్టే ఒక వైండింగ్ షాపుకు పంపాను. పట్టీ చక్కగా బిగించారు, పాటా తగ్గింది. అయితే కోర్ అతుకు మధ్య కాగితం ఉండడం పొరపాటనుకుని, ఒక కాలు దగ్గర దాన్ని పీకేసి మరీ బిగించారు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు చేసే చేతికి అది న్యాయంగానే తోచి ఉంటుంది. నా పనికి మాత్రం అదే ముప్పయింది.

ఆ తరువాత ఎడమ స్పీకర్‌లో మృదంగం తొప్పి దెబ్బ ముద్దగా, తడిసిన గోనెసంచిని కొట్టినట్టు వినిపించడం మొదలైంది. ట్యూబులు అటుదిటు మార్చాను, కప్లింగ్ కెపాసిటర్లు కొత్తవి వేశాను, బయాస్ కరెంటు పదే పదే కొలిచాను. చివరకు మీటర్ పెట్టి ప్రైమరీ ఇండక్టెన్స్ (మంద్ర స్వరాలు ఎంత బాగా దాటతాయో చెప్పే కొలత) చూస్తే కుడిది 36 హెన్రీలు, ఎడమది 50 దాటి. ఎక్కువ ఉన్నదే మేలైనదనుకుని మరో రెండు వారాలు తప్పుదారిలో వెతికాను. మీటర్ డీసీ లేకుండా కొలుస్తుంది. యాంప్లిఫయర్‌లో డీసీ ఉంటుంది. గ్యాప్ సగమయ్యేసరికి కోర్‌లో డీసీ వల్లనే సుమారు 1.3 టెస్లాల అయస్కాంత సాంద్రత నిలిచి, మంద్ర స్వరం వచ్చినప్పుడల్లా ఈ పదార్థం హద్దు అయిన 1.56 టెస్లాలు దాటిపోతున్నదని, కాగితం మీద లెక్క వేసుకున్నాకగానీ తెలియలేదు.

మళ్లీ కాగితం పెట్టించే లోపు నాలుగు నెలల పాటు పాత సీఆర్‌జీఓ జతను రెండు వైపులా వేసి విన్నాను. ఈ-ముక్కలన్నీ ఒక పక్క, ఐ-ముక్కలన్నీ ఇంకో పక్క పేర్చి, మధ్యన గ్యాప్ కాగితం పెట్టిన మామూలు స్టాంపింగులే అవి. వీణ విషయంలో నేను అనుకున్నంత తేడా లేదు. ఉన్నా, నిశ్శబ్దమైన గదిలో, మెలకువగా వింటే తప్ప పట్టుబడనంత. గ్యాప్ పెట్టిన కోర్‌లో ఇండక్టెన్స్‌ను ప్రధానంగా ఆ గ్యాపే నిర్ణయిస్తుంది గనుక, పదార్థపు గొప్పతనంలో చాలా వంతు అక్కడే కరిగిపోతుంది. పైగా సీఆర్‌జీఓ 1.9 టెస్లాల దాకా తట్టుకుంటుంది, కాబట్టి ఇలాంటి పొరపాటును చాలావరకు మన్నిస్తుంది. దాదాపు 80 శాతం నికెల్ ఉన్న పర్మలాయ్ 0.8 టెస్లాలకే నిండిపోతుంది. దాన్ని సింగిల్ ఎండెడ్‌కు వాడమని నాకు సలహా ఇచ్చిన మిత్రుడి మీద ఇప్పటికీ చిన్న కోపం ఉంది.

అమార్ఫస్ జతే మళ్లీ యాంప్లిఫయర్‌లో ఉంది, ఈసారి కాగితానికి బదులు పాలియెస్టర్ ఫిల్ముతో. నా గది పది అడుగులకు పన్నెండు, నేను వినేది రాత్రిపూట, చాలా తగ్గు స్థాయిలో. ఆ వినికిడికి ఇది నాకు నచ్చుతూనే ఉంది. పుష్-పుల్ (రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పద్ధతి) కట్టుకునేవారికి డీసీ రెండు సగాల్లో చెల్లిపోతుంది గనుక, నా గ్యాప్ గోల వారికి వర్తించదు. కొత్తగా కొనేవారి చేతిలో డబ్బు లెక్కగా ఉంటే మాత్రం, ఆ ధరకు ఇంకాస్త పెద్ద సీఆర్‌జీఓ కోర్, ఇంకొన్ని ఎక్కువ చుట్లు వస్తాయేమో ముందు అడిగి చూడమంటాను. నా ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాల మీద మార్కర్‌తో "లోపలి ఫిల్ము తీయవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.